మెడికల్ బోర్డు ముందు మాట

"మెడికల్ బోర్డుకు పోయే రోజు ఆయాసం ఇంకాస్త కలిపి చెబితే పాపమా ఫాదర్?" కమాన్‌పూర్ చుట్టుపక్కల బొగ్గుబాయి కుటుంబాలలో ఇది ఉత్త ప్రశ్న కాదు. 2017లో హైకోర్టు సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టివేసింది. తరువాత వచ్చిన కారుణ్య నియామకాలలో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు కొలువు.

ప్రియ సహోదరులారా, కలిపి చెబితే అబద్ధమే. నిజంగా ఊపిరాడని తోటి కార్మికుని మాటను కూడా రేపు డాక్టరు అనుమానిస్తాడు.

అయితే సత్యానికి రెండు వైపులా శత్రువులున్నారని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు: మించి చెప్పుకోవడం, తగ్గించి చెప్పుకోవడం. మనవారిలో నేను ఎక్కువగా చూసేది రెండోదే. ఏండ్లకేండ్లు అండర్‌గ్రౌండ్‌లో దుమ్ము మింగిన మనిషి డాక్టరు అడిగితే "మంచిగనే ఉన్న సారూ" అంటాడు. ఇంట్లో నాలుగు మెట్లెక్కలేడు. అది వినయం కాదు, మొగమాటం. 1955 నాటి గనుల నిబంధనలు ఐదేండ్లకొకసారి పరీక్ష పెట్టింది రోగాన్ని కనిపెట్టడానికే. కానీ రాత్రి ఎన్నిసార్లు లేచి కూర్చుంటున్నాడో ఎక్స్‌రే చెప్పదు.

కనుక ముందురోజే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని రాసుకోండి: ఎంత దూరం నడిస్తే ఆయాసం, ఎప్పటినుండి, ఏ మందులు. పాత చీటీలు తీసుకెళ్ళండి. రోగం ఎక్కువ కనబడాలని మందులు మానకండి. అన్‌ఫిట్ చేయిస్తానని డబ్బడిగే దళారి వస్తే చాయ్ కూడా పోయవద్దు.