గడపమీది కంచము

వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలలో, మూసీనది పుట్టుచోట, పద్మనాభస్వామి దర్శనమునకు పోయినవారు ముచుకుందుని కథ వినక తిరిగిరారు. ఆ నదికి ముచుకుంద యను పేరు ఆ రాజర్షి వలననే కలిగినదని స్థలపురాణము. దేవతల పక్షమున చిరకాలము పోరాడి యలసిన ఆ రాజు నిద్రను వరముగా గోరి, తన్ను మేల్కొలిపినవాడు తన చూపు సోకినంతనే భస్మము కావలెనను నియమముతో ఒక గుహలో శయనించెను. కాలయవనుడు తరుముచుండగా శ్రీకృష్ణుడా గుహ జొచ్చి మూలను ఒదిగెననియు, వెంటవచ్చినవాడు నిదురించువానిని కాలదన్ని బూడిదయయ్యెననియు విని, కృష్ణుని యుక్తికి మెచ్చుకొని మనము కథ ముగించుచుందుము. కాని మహమ్మారి వచ్చిపోయిన పిమ్మట నా మనస్సు ఆ నిదురించువానిపైననే నిలుచుచున్నది. ఆయనకు ఎవరిమీదను పగ లేదు. అయినను తన కన్నులలో పరులను దహింపగల దొకటి కలదని యెరిగి, ఊరినడుమ పండుకొనక గుహను వెదకికొనెను. ఆ గుహవాసమును శిక్ష యందుమా, తపస్సందుమా?

2020 మార్చి 2న తెలంగాణములో తొలి కరోనా కేసు బయటపడినది మొదలు, ఒంట్లో పెద్ద బాధ లేనివారినిగూడ గాంధీ ఆసుపత్రికి తరలించుచుండిరి. ఏప్రిల్ 27న కేంద్ర ఆరోగ్యశాఖ, లక్షణములు స్వల్పముగా నున్నవారు ఇంటిలోనే వేరొక గదిలో ఉండవచ్చునని నియమములు వెలువరించెను; ఆ వేసవిలో 17 దినములని లెక్కించిన గడువు 2022 జనవరి నాటికి 7 దినములకు దిగినది. క్వారంటైనను మాటను పూర్వము హైదరాబాదువారు కోరంటిగా మలచుకొని, 1915లో వెలసిన జ్వరాల ఆసుపత్రిని కోరంటి దవాఖాన యని పిలిచినట్లే, హోం ఐసోలేషనును గూడ తాండూరు ముసలమ్మలు నెల తిరుగకముందే "ఐసులేషన్ల వడ్డడు" అని తమదిగా చేసికొనిరి.

2021 వేసవిలో తాండూరున మా అక్క యింట నుండగా నేనును "ఐసులేషన్ల వడితిని." జ్వరము స్వల్పము, వేలికి తగిలించిన ఆక్సీమీటరు 94కు దిగకున్న చాలునని డాక్టరు చెప్పెను. ముందుగది నాకు వదలి, అక్కవాళ్ళు వంటింటివైపునకు చేరిరి. పూటపూటకును ఆమె జొన్నరొట్టెయు కందిపప్పును పెట్టిన స్టీలుకంచమును గడపమీద నుంచి, ఒక కట్టెతో లోనికి త్రోసి, "తమ్మీ, రొట్టె వెట్టిన, తీస్కో. ఎంతున్నదిరా ఇయ్యాల?" అని తెరవెనుకనుండి అడుగును, "తొంబై ఏడు అక్కా" యని నేను పలుకువరకు అచ్చటినుండి కదలదు. నున్నని నాపరాతి బండమీద ఆ కంచము జరుగునప్పుడు కీచుమని యొక చప్పుడు వచ్చును.

ఆ చప్పుడు నాకు క్రొత్తది కాదు. బాల్యమున మా వాకిట కంది కట్టె కొట్ట వచ్చిన మనిషికి మా యింటివారు అన్నము పెట్టిన తీరును ఇదియే: కంచము నేలను జరుగుట, నీళ్ళు ఎత్తిపోయుట, గడప దాటకుండుట. ఆయన చేతి కష్టముతో గింజలు మా గాదెలోనికి వచ్చెను గాని, ఆయన మాత్రము ఏనాడును లోనికి రాలేదు. మూడవనాటి జ్వరములో, బండమీద కూర్చుండి రొట్టె త్రుంచుచు, నా స్థితికిని ఆయన స్థితికిని భేద మేమున్నదని యోచించితిని. పైకి చూచిన ఏమియు లేదు. కాని మా అక్క గోడ క్యాలెండరుపై నా దినములను ఒక్కొక్కటే కొట్టివేయుచుండెను. ఆయన దినములను కొట్టివేయుటకు ఏ గోడమీదను క్యాలెండరు లేకుండెను. నా దూరమునకు కారణము నా శ్వాసలోని క్రిమి. ఆయన దూరమునకు కారణము ఆయన పుట్టుక యని మావా రనుకొనిరి. అంటరానితనమును శుచిత్వమని సమర్థించుకొన్న పెద్దలలో పలువురు ఈ మహమ్మారి వచ్చినంతనే "చూచితిరా, మన మడి యెంత శాస్త్రీయమో" యని పొంగిపోయిరి. అంతకంటె సిగ్గుమాలిన వాదము నే నెరుగను.

మడికంటె మేలైన పూర్వాచారము మనకు లేకపోలేదు. ఇంట ఎవరికైన అమ్మవారు పోసినప్పుడు వాకిట వేపమండలు కట్టి, తాలింపులు మాని, చుట్టములను రానీయక, పడకపై వేపాకు పరచి, రోగినే తల్లిగా భావించి మాట్లాడెడివారు. పరులను ఆపుచున్న ఆ వేపమండలే లోనివానిని పూజ్యుని జేసెను. ఇది చెప్పి వేపాకు మశూచిని గెలిచినదని నే ననను. 1980లో లోకము మశూచిరహితమని ప్రకటింపబడుటకు కారణము టీకాయే, తల్లి కోపించునని టీకాకు జంకినవారివలన జరిగిన నష్టమును చిన్నది కాదు. చరకుడు జనపదోద్ధ్వంసమును గూర్చి చెప్పుచు, గాలి, నీరు, దేశము, కాలము చెడుటకు అధర్మమును మూలముగా జూపెను; ఆ అధర్మమును పాలకులమీదను జనులందరిమీదను మోపెనే కాని, మంచము పట్టినవాని నెత్తిన ప్రత్యేకముగా పెట్టలేదు. తెగులున్న ఊరికి పోరాదనియు, ఉన్న ఊరినుండి పారిపోరాదనియు ఇస్లాము ప్రవక్త బోధించెనని తాండూరు మసీదుల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. పారిపోకుండుట కూడ పరులకు చేయు సేవయే యని ఆ బోధలోని భావము.

రోగిని దూరముగా పంపినంతనే ఊరు బ్రతుకునను నమ్మికయు ఒకప్పుడు గట్టిగా నుండెను. అనంతగిరి గాలి ఊపిరితిత్తులకు మంచిదని నిజాము కాలమున అచ్చట క్షయరోగులకు శానిటోరియము కట్టిరి. అడవిలోని ఆ వార్డులు ఎందరికో ప్రాణదానము చేసినవి, ఎందరినో ఇంటివారి కన్నులకు దూరము చేసినవి. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధనా కేంద్రము, ఇరుకైన పేదయిండ్లలోనుండి మందు మ్రింగినవారిని, శానిటోరియములో మంచి తిండియు విశ్రాంతియు పొందినవారిని సరిపోల్చి చూచి, 1959లో ఫలితములు ప్రకటించెను: స్వస్థత ఉభయత్ర ఇంచుమించు సమానము, ఇంటనున్నవారి కుటుంబములకు అందువలన అధికముగా వ్యాధి సోకినదియు లేదు. మందు లోపలికి పోవలెను గాని మనిషి వెలుపలికి పోనక్కరలేదని తేలినది. కరోనాకు మొదట అట్టి మందు లేదు. అందుచే గడప అవసరమయ్యెను, కొండ అవసరము కాలేదు.

అయితే గడపకు ముందు గది యుండవలెను గదా. తాండూరు చుట్టు నాపరాతి గనులలో బండలు తీయుచు, రేకుల కప్పు క్రింద ఒక్క గదిలో అయిదారుగురు పండుకొనువారికి "వేరుగదిలో నుండుడు" అని చెప్పుట ఎగతాళి వంటిది. ఊరి యిండ్లన్నింటికిని బండ పరచినవారికి తమ కొరకు ఒక గోడ లేకపోయెను. 2021 మే నెలలో నల్లగొండ జిల్లా కొత్తనందికొండలో ఒక విద్యార్థి, ఇంట ఒక్క గదియే యుండుటచే, తనవారికి సోకకుండ వాకిటి చెట్టుమీద వెదురుబద్దల పడక కట్టుకొని 11 దినములు గడపెను. పత్రికలు దానిని వింతగా ప్రకటించినవి. ముచుకుందునకు గుహయైనను దొరికినది. ఈ బాలునకు కొమ్మ దొరికినది. ఏకాంతము ధర్మమని శాసించిన సమాజము ఆ ఏకాంతమునకు చోటు చూపకున్న, ధర్మభంగము రోగిది కాదు. బడిగదులను తెరిచి ఇట్టివారికి చాపలు పరచిన ఊళ్ళును కలవు. అవి ఆ ఋణమును కొంత తీర్చుకొన్నవి.

పదునొకండవనాటి ఉదయమున అక్క తెర తొలగించి, అడుగకయే లోనికి వచ్చి, దుప్పటి లాగివేసి, "గింత కంపు వెట్టినవేందిరా గదిని" అని తిట్టెను. వేడి రొట్టె రెండు తెచ్చి కంచములో వేసి, నా యెదుట బండమీద చదికిలబడి, అందులోనుండియే ఒక ముక్క త్రుంచుకొని పప్పులో అద్దుకొనెను.