విశ్రాంతిదినము ఎవ్వరి కొఱకు?

క్రైస్తవులు వారమున కొకదినమును పనికి దూరముగా నుంచి దైవారాధనకును విశ్రాంతికిని వినియోగింతురని యెల్లవారు నెఱిఁగినదే. ఈ యాచారమునకుఁ గల విలువ యెట్టిదని యడిగినచో సామాన్యముగా రెండు సమాధానములు వచ్చును. ఆ దినము దేవునిది గావున నాతనికే యర్పింపవలయునని కొందఱందురు. ఆఱు దినములు పాటుపడిన శరీరమునకు ఏడవ దినమున విశ్రాంతి లేకున్న నారోగ్యము చెడునని మఱికొందఱందురు. ఈ రెండును సత్యములే. కాని వీనికంటె ముఖ్యమైన మూఁడవ సంగతి యొకటి కలదనియు, దానిని విడిచినచో మొదటి రెండును యజమానుల సౌఖ్యమునకు మాత్రమే సాధనములగుననియు మా యభిప్రాయము. తాను విశ్రమించుట విశ్రాంతిదిన ధర్మములో సగము. తన చేతిక్రింద నున్నవారిని విశ్రమింపనిచ్చుట తక్కిన సగము. ఈ రెండవ సగమును గూర్చియే యిచ్చట విచారింపఁబూనితిమి.

ఒక శాసనముయొక్క తాత్పర్యము తెలియవలయునన్న, అది యెవ్వరిని శాసించుచున్నదో, యెవ్వరిని రక్షించుచున్నదో ముందుగాఁ జూడవలయునని న్యాయవాదవృత్తిలో నున్న మేము దినదినమును నేర్చుకొనుచున్నాము. విశ్రాంతిదినపు టాజ్ఞను ఈ దృష్టితోఁ జదివి చూడుఁడు. అది నిర్గమకాండము 20వ అధ్యాయమునందును, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమునందును గానవచ్చును. రెండుచోట్లను అది గృహయజమానుని సంబోధించును. రెండుచోట్లను వాని కుమారుఁడు, కుమార్తె, దాసుఁడు, దాసి, పశువులు, వాని యండనున్న పరదేశి పేర్కొనఁబడిరి. కాని కారణములు మాత్రము వేఱువేఱుగాఁ జెప్పఁబడినవి. దేవుఁడు ఆఱు దినములలో సృష్టిని ముగించి యేడవ దినమున విశ్రమించెననుట మొదటి గ్రంథమున కారణము. ఇశ్రాయేలీయులు తామే యొకప్పుడు ఐగుప్తుదేశమున బానిసలై యుండిరనుట రెండవ గ్రంథమున కారణము. మొదటి కారణము విశ్రాంతిని పవిత్రమైనదానినిగాఁ జేయుచున్నది. రెండవది దానిని న్యాయమైనదానినిగాఁ జేయుచున్నది. నిర్గమకాండము 23వ అధ్యాయమున నీ యాజ్ఞ మరల వచ్చినపుడు, ఎద్దును, గాడిదయును, దాసి కుమారుఁడును, పరదేశియును సేదదీరుట దాని ప్రయోజనమని స్పష్టముగాఁ దెలుపఁబడినది. ఇచ్ఛ వచ్చినపుడెల్లఁ బని మానఁగల యజమానున కట్టి రక్షణ మక్కఱలేదు. ఇచ్ఛ యున్నను మానలేనివానికే యది యావశ్యకము.

ప్రాచీనకాలమున బానిసలకు సెలవులే లేవని చెప్పరాదు. రోమనులు డిసెంబరు మాసమున సాటర్నేలియా యను పండుగ జరుపుకొనుచు, ఆ దినములలో బానిసలకుఁ గొంత స్వేచ్ఛ యొసఁగెడివారు. కాని యేఁటికొకమాఱు వచ్చి పోవు పండుగ వేఱు. ప్రతి వారమును దప్పక వచ్చుచు, యజమానుని ప్రసన్నతపై నాధారపడని విరామము వేఱు. మొదటిది దయ, రెండవది హక్కు. దయను పొందినవాఁడు దాత ముఖము చూచుచుండవలయును. హక్కు గలవాఁడు తల యెత్తి యింటికిఁ బోవచ్చును.

యేసుక్రీస్తు విశ్రాంతిదిన విషయమునఁ బరిసయ్యులతో వాదించుటచే నాయన యా దినమునే రద్దుచేసెనని కొందఱు తలంతురు. సువార్తలను నిదానముగాఁ జదివినవారి కట్లు తోఁపదు. ఆకలిగొన్న శిష్యులు వెన్నులు త్రుంచుకొని తినినపుడును, ఎండిన చేయిగలవానిని బాగుచేసినపుడును, పదునెనిమిది యేండ్లు నడుము వంగియున్న స్త్రీని నిలువఁబెట్టినపుడును ఆయన యొక్కటే న్యాయము చూపెను. దినము మనుష్యుని కొఱకే యేర్పడినది. పశువును విప్పి నీళ్లకుఁ దోలుకొనిపోవుట తప్పుగానప్పుడు, బాధపడు స్త్రీని బంధవిముక్తురాలినిఁ జేయుట తప్పెట్లగును? కావున నాయన శాసనమును గొట్టివేయలేదు. శాసనముయొక్క యుద్దేశమును దానికి మరల నిచ్చెను. రోగులకు శుశ్రూష చేయువారును, రైళ్లు నడుపువారును ఆ దినమునఁ బనిచేయుట దోషము కాదనుట కిదియే యాధారము. అయితే వారికి మఱియొక దినమున విశ్రాంతి యిచ్చు బాధ్యత మాత్రము తక్కినవారిపై నుండును.

తరువాతి చరిత్రలో నీ యుద్దేశము తఱచుగా మఱువఁబడినది. క్రైస్తవులు క్రీస్తు పునరుత్థానమును స్మరించుచు వారముయొక్క మొదటి దినమైన యాదివారమున సమావేశమగుచుండిరి. 321వ సంవత్సరమున కాన్‌స్టంటైను చక్రవర్తి న్యాయాధిపతులును, పట్టణవాసులును, చేతిపనులవారును ఆ దినమున విశ్రమింపవలయునని శాసించెను. కాని విత్తుటకును నాటుటకును అదను తప్పునని చెప్పి సేద్యగాండ్రకుఁ బని చేసికొనుట కనుజ్ఞ యిచ్చెను. కారణము సహేతుకమే కావచ్చును. అయినను మండుటెండలో దున్నువాఁడు శాసనమునకు వెలుపల నుండిపోయెనని మనము గమనింపవలయును. ఇంగ్లండులో 1618వ సంవత్సరమున జేమ్సురాజు ప్రార్థనానంతరము ఆటలాడుకొనవచ్చునని ప్రకటింపఁగా ప్యూరిటనులు దానిని తీవ్రముగా నిరసించిరి. 1677వ సంవత్సరపు శాసనము ఆదివారమున లౌకికవృత్తులను నిషేధించెను. మనుష్యులు ఆ దినమున నేమి చేయరాదనుటపైనే యీ వాదములన్నియు నడచినవి. ఎవ్వరికి విశ్రాంతి చేకూరినదను ప్రశ్న వెనుకఁబడినది.

ఆ ప్రశ్న 1855వ సంవత్సరమున లండను వీథులలో గట్టిగా వినఁబడెను. ఆదివారపు వర్తకమును మాన్పుటకై రాబర్టు గ్రోస్వెనర్ ప్రభువు పార్లమెంటులో నొక బిల్లు తెచ్చెను. శనివారము రాత్రి ప్రొద్దుపోయినపిదపఁ గూలి యందుకొనెడి పేదలకు ఆదివారమునఁ దప్ప సరకులు కొనుటకు వీలులేకుండెను. వేలకొలఁది జనులు హైడు పార్కులో గుమిగూడి, అచ్చట బండ్లలో షికారు చేయుచున్న ధనికులను గుడికిఁ బొండని యెత్తిపొడిచిరి. ఆ బండ్లు తోలువారును, వెనుక నిలుచుండు సేవకులును ఆదివారమునఁ బనిచేయుచునే యుండిరి గదా! బిల్లు ఉపసంహరింపఁబడినది. ఆ జనులు విశ్రాంతిదినమును ద్వేషించిరని మేము తలంపము. ముందుగాఁ గూలి పెందలకడ నిప్పించి, పిదప నంగడి మూయించియున్నచో వారే సంతోషించియుందురు. పేదవానివలన వెల కట్టించి ధనికుఁడు పుణ్యము పొందు విశ్రాంతిదినము ఆజ్ఞకు విపరీతము.

"అట్లయిన నందఱ కొకే దినమేల? ఎవరికిఁ దోఁచిన దినమున వారు విశ్రమింతురుగాక" యని కొందఱు విద్యావంతు లాక్షేపింతురు. దీనికి సోవియట్ యూనియనులో జరిగిన పరీక్షయే ప్రత్యుత్తరము. 1929వ సంవత్సరమున నచ్చట యంత్రము లొక్కదినమైన నాఁగకుండుటకై కార్మికులను అయిదు వర్గములుగా విభజించి, ప్రతివర్గమునకును అయిదు దినముల కొకమాఱు వేఱువేఱు దినమున సెలవిచ్చిరి. లెక్క చూచినచో విశ్రాంతి హెచ్చినది. కాని భర్తకు సెలవైననాఁడు భార్య కర్మాగారమున నుండెను. తండ్రి యింట నున్ననాఁడు బిడ్డలు బడిలో నుండిరి. 1931లోనే యా పద్ధతిని సడలించి ఉమ్మడి సెలవుదినము నేర్పఱచుటయు, 1940లో ఏడుదినముల వారమును ఆదివారపు సెలవును మరలఁ దెచ్చుటయు సంభవించెను. పని మానుట మాత్రమే విశ్రాంతి కాదు. తనవారితోఁ గూడియుండుట విశ్రాంతి. అందులకే యిది సంఘమంతయుఁ గలసి పాటింపవలసిన ధర్మము.

మన దేశమునకు ఆదివారపు సెలవు క్రైస్తవ ప్రభుత్వముతో వచ్చినను, కూలివానికది దానంతట రాలేదు. 1881వ సంవత్సరపు కర్మాగారముల చట్టము పిల్లలను మాత్రమే కొంతవఱకు రక్షించెను. బొంబాయి మిల్లు కార్మికుల పక్షమున నారాయణ మేఘాజీ లోఖండే 1884 మొదలు వారపుసెలవునకై పాటుపడఁగా, 1890లో మిల్లుల యజమానులు దాని కంగీకరించిరి; 1891వ సంవత్సరపు చట్టము దానిని స్థిరపఱచెను. లోఖండే జ్యోతిరావు ఫూలేగారి సత్యశోధక సమాజమునకుఁ జెందినవాఁడు, క్రైస్తవుఁడు కాఁడు. అయినను విశ్రాంతిదినాజ్ఞయొక్క సారము నతఁడు అనేక క్రైస్తవ యజమానులకంటె బాగుగా గ్రహించెనని చెప్పవచ్చును.

కర్మాగారమునకు వచ్చిన యీ న్యాయము మన యిండ్లలోనికి వచ్చినదా? 1942వ సంవత్సరపు వారపుసెలవుల చట్టము అంగళ్లను, భోజనశాలలను, నాటకశాలలను పేర్కొనెను. ఇంటి పనివారి ప్రసక్తి దానిలో లేదు. ఇంటి పనివారికి వారమునకు ఎడతెగని 24 గంటల విశ్రాంతి యుండవలయునని అంతర్జాతీయ కార్మిక సంస్థ యొడంబడిక 2011లోఁ గాని పలుకలేదు. దాసుఁడును దాసియును ప్రాచీనాజ్ఞలోఁ బేరెత్తి చెప్పఁబడినవారు. ఆధునిక శాసనములలో వారే కడపటివారైరి. ఆదివారమున కుటుంబమంతయు దేవాలయమునకుఁ బోయి వచ్చి విందు భుజించుచుండఁగా, ఆ విందు వండినది యెవరు? అంట్లు తోమునది యెవరు? తక్కిన దినములకంటె నాఁడు వంటయింటి పొయ్యి యెక్కువసేపు మండినచో, ఆ యింట విశ్రాంతిదినము మీఱఁబడినదనియే మా తీర్పు. సేవకులు లేని యింట ఈ భారము గృహిణిపైఁ బడును. ఆమెకును ఇదే న్యాయము.

1924వ సంవత్సరమునఁ బారిసులో జరిగిన ఒలింపికు పందెములలో, 100 మీటర్ల పరుగుయొక్క ప్రాథమిక పోటీలు ఆదివారమున వచ్చుటచే ఎరిక్ లిడెల్ అను స్కాట్లండు యువకుఁడు దానిని మానుకొనెను. తరువాత 400 మీటర్ల పరుగున నతఁడు బంగారు పతకము గెలిచినది లోకప్రసిద్ధము. గెలుపుకంటె మాకు ముఖ్యమైనది వేఱొకటి: తన నియమమునకు వెల తానే చెల్లించెను, ఇతరులచేఁ జెల్లింపలేదు.

యజమానులైన చదువరులు చేయవలసినది పెద్ద కార్యము కాదు. పనివారికి వారమున కొకదినము సెలవును నిశ్చయించి, ఆ దినపు కూలి తగ్గింపకుండవలయును. కూలి కోసి యిచ్చు సెలవు పేదవానికి విశ్రాంతి కాదు, పస్తు. ఆ దినమున స్వల్పభోజనముతోఁ దృప్తిపడి, తమ పాత్రలు తాము కడుగుకొనవలయును. అతిథులు వత్తురని గాని, అలవాటు లేదని గాని యా సెలవును వెనుకకుఁ దీసికొనరాదు. ఇది క్రైస్తవ గృహములకే కాదు, ఆదివారపు సెలవు ననుభవించుచున్న మన యందఱకును వర్తించును. రాఁబోవు ఆదివారమున మన యింట నెవ్వరు పని మానిరో, యెవ్వరు మానలేకపోయిరో లెక్క చూచుకొందము.