గుడిసె వేసుకోవడం దొంగతనమా?

నగరాల పెరుగుదల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అధికారుల నోటా, పత్రికల్లోనూ, కోర్టు కాగితాల్లోనూ తప్పక వినిపించే మాట ఆక్రమణ. నాలా గట్టున రేకుల ఇల్లు వేసుకున్న కూలీకీ, చెరువు శిఖం భూమిని ప్లాట్లు చేసి అమ్ముకున్న వ్యాపారికీ ఈ ఒక్క మాటే వాడతారు. వాడుకలో దాన్ని కబ్జా అన్నా అర్థం మారదు, తనది కానిదాన్ని తాను పట్టుకున్నాడనే. చూడటానికి ఇది రెవెన్యూ శాఖ మాటలా ఉంటుంది గాని, దాని కడుపులో ఒక నైతిక తీర్పు ఉంది. తనది కానిదాన్ని పట్టుకోవడానికి లోకం పెట్టిన పాత పేరు దొంగతనం. నిలువనీడ లేక గుడిసె వేసుకున్నవాడి విషయంలో ఆ తీర్పు నిలుస్తుందా అన్నది చట్టం ఒక్కటే తేల్చగలిగిన ప్రశ్న కాదు. సొత్తు అంటే ఏమిటి, దొంగ ఎవరు అని శతాబ్దాలుగా విచారిస్తూ వచ్చిన మత సంప్రదాయాలు కూడా దానికి సమాధానం చెప్పవలసి ఉంది.

ఇది కొద్దిమంది గొడవ కాదు. ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం 2003లో వెలువరించిన నివేదిక ప్రకారం 2001 నాటికి ప్రపంచంలో 92 కోట్లకు పైగా జనం, అంటే పట్టణవాసుల్లో దాదాపు మూడోవంతు, మురికివాడల్లో బతుకుతున్నారు. భారతదేశంలో వారి సంఖ్యను 2011 జనగణన ఆరున్నర కోట్లుగా లెక్కకట్టింది. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల నిష్పత్తి అన్నిటికంటె ఎక్కువగా తేలింది విశాఖపట్నంలో, 44 శాతం.

ఈ ప్రశ్న భారత న్యాయస్థానాల ముందుకు అత్యంత స్పష్టంగా వచ్చింది బొంబాయి నుంచి. 1981 జులైలో, నడి వానాకాలంలో, కాలిబాటల మీదా మురికివాడల్లోనూ తలదాచుకుంటున్నవారిని ఖాళీ చేయించి ఎవరి ఊళ్ళకు వారిని పంపించివేస్తామని అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే ప్రకటించారు. దానిమీద దాఖలైన వ్యాజ్యాల్లో ఒకటి పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ వేసినది; ఆమె పేరుతోనే ప్రసిద్ధమైన తీర్పును 1985 జులై 10న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వెలువరించింది. రాజ్యాంగం 21వ అధికరణంలో చెప్పిన జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉందని ఆ తీర్పు చెప్పింది. కాలిబాట మీద కాపురం పెట్టినవాడు నేరం చేయాలన్న బుద్ధితో అక్కడికి రాలేదని, ఎక్కడ ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛే అతనికి లేదని కూడా గుర్తించింది. అయినా 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టం కింద గుడిసెలను తొలగించే అధికారం కార్పొరేషన్‌కు ఉందని ఒప్పుకొని, వానలు వెనకబట్టేవరకు, అంటే ఆ ఏడు అక్టోబరు 31 దాకా ఆగమన్నది. పదిహేనేళ్ళ తరువాత, 2000లో, ఢిల్లీ చెత్త సమస్యపై వచ్చిన కేసులో అదే సుప్రీంకోర్టు, ప్రభుత్వ భూమిని ఆక్రమించినవాడికి ఉచితంగా మరో స్థలం ఇవ్వడాన్ని జేబుదొంగకు బహుమానం ఇవ్వడంతో పోల్చింది. నిస్సహాయుడు జేబుదొంగగా మారడానికి మధ్యలో గడిచింది పదిహేనేళ్ళే. గుడిసె ఏమీ మారలేదు, చూసే కన్ను మారింది.

దొంగతనం అన్న మాటను సంప్రదాయం ఎలా నిర్వచించిందో ఇప్పుడు చూడాలి. యోగశాస్త్రం చెప్పిన ఐదు యమాలలో, అంటే ఇతరుల పట్ల పాటించవలసిన నియమాలలో, మూడవది అస్తేయం, దొంగిలించకపోవడం. ఐదవది అపరిగ్రహం, అవసరానికి మించి కూడబెట్టకపోవడం. ఈ రెండూ వేర్వేరు గుణాలుగా పైకి కనిపించినా, భాగవతం ఏడవ స్కంధంలో గృహస్థధర్మాన్ని ధర్మరాజుకు వివరిస్తున్న నారదుడు వాటిని ఒక్కచోట ముడివేశాడు. కడుపు నిండడానికి ఎంత కావాలో అంతవరకే దేహధారికి స్వత్వం, అంటే తనదని చెప్పుకునే హక్కు, ఉంటుందని, అంతకు మించినదాన్ని తనదనుకునేవాడు దొంగ అని, వాడు దండనకు అర్హుడని అక్కడి భావం. గీత మూడవ అధ్యాయం కూడా, దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వారికి అర్పించకుండా తానే అనుభవించేవాణ్ణి దొంగ అనే అంటుంది. ఈ నిర్వచనాల్లో పట్టా, దస్తావేజు ఊసే లేదు. ఎవరి పేర ఉన్నది అన్నదాన్ని పక్కన పెట్టి, ఎంత అవసరం, ఎంత అధికం అన్నదాన్ని బట్టి ఇక్కడ దొంగ ఎవరో తేలుతుంది. ఈ కొలతతో చూస్తే, పది అడుగుల గదిలో ఐదుగురు సర్దుకునే కుటుంబం దొంగ కాలేదు. అదే నగరంలో కొన్నవారు కాపురం ఉండకుండా, అద్దెకూ ఇవ్వకుండా, ధర పెరగడానికే తాళం వేసి ఉంచిన ఫ్లాట్లు మాత్రం ఆ శ్లోకం ముందు నిలవడం కష్టం.

అవసరం అంచుకు చేరినప్పుడు మామూలు నియమాలు ఏమవుతాయన్న విచారణకు మహాభారతంలో ఏకంగా ఒక విభాగమే ఉంది. శాంతిపర్వంలోని ఆపద్ధర్మపర్వంలో, అంటే ఆపత్కాలానికి వర్తించే ధర్మాన్ని చెప్పే భాగంలో, భీష్ముడు విశ్వామిత్రుడి కథ చెబుతాడు. పన్నెండేళ్ళ కరువులో ఆకలికి సోలిపోయిన ఆ ఋషి ఒక చండాలవాడ చేరి, ఎక్కడా పిడికెడు భిక్ష దొరకక, ఒక ఇంట్లో కనిపించిన కుక్క మాంసాన్ని రాత్రివేళ దొంగిలించబోతాడు. ఇంటాయన మేలుకొంటాడు. ఆ తరువాత వారిద్దరి మధ్య సాగే సుదీర్ఘ వాదం ఈ కథకు ప్రాణం: అభక్ష్యం తినరాదని, తపస్సు చెడుతుందని ఋషికి ధర్మం గుర్తుచేసేవాడు చండాలుడు, చావుకంటె బతుకు మేలని, బతికి ఉంటేనే ధర్మం ఆచరించగలమని వాదించేవాడు ఋషి. చివరికి విశ్వామిత్రుడు ఆ మాంసం పట్టుకుపోతాడు, వాన కురుస్తుంది, భారతం అతణ్ణి దొంగ అనదు. పదమూడవ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ కూడా వేరే దారిలో ఇక్కడికే చేరాడు: ప్రాణావసరం ముంచుకొచ్చి, వేరే గతి లేనప్పుడు పరుల సొత్తును తీసుకోవడం అసలు దొంగతనమే కాదని, ఆ స్థితిలో సొత్తు అందరిదీ అవుతుందని ఆయన సిద్ధాంతం.

అయితే ఈ మినహాయింపును తలుచుకొని సంప్రదాయం ఎంత ఉదారమైనదో అని మురిసిపోవడం తొందరపాటు. దారిబత్తెం అయిపోయిన బాటసారి పరుల చేనులో రెండు చెరుకుగడలు, రెండు ముల్లంగి దుంపలు తీసుకుంటే దండన లేదన్న మనుస్మృతి, ఆ వెసులుబాటును ద్విజుడికే, ఉపనయన సంస్కారం ఉన్నవాడికే ఇచ్చింది. భారతకథలో దోపిడికి గురైన ఇల్లు ఊళ్ళోకెల్లా లేనివాడిది. ఆ ఇంటాయనకు కథ పేరు కూడా పెట్టలేదు. ఋషికి దక్కిన ఆపద్ధర్మం ఆ వాడవాళ్ళకు ఎప్పుడైనా దక్కిందా అన్న ప్రశ్నను దాటవేసి ఈ కథను చదవకూడదు. ఈనాడు పల్లె వదిలి నగరానికి వస్తున్నవారిలో ఎందరో ఆ వెలివాడల వారసులే. వారిని కరువూ అప్పులే తరమలేదు. పల్లెను సంకుచితత్వానికి, అజ్ఞానానికి నెలవుగా 1948 నవంబరులో రాజ్యాంగసభలో విమర్శించిన అంబేద్కర్ మాట తెలిసినా తెలియకపోయినా, కులం అడగకుండా కూలి ఇచ్చే చోటు కోసం కూడా వారు బయలుదేరారు. భాషలోనూ దీని జాడ ఉంది. పోరంబోకు అంటే మొదట శిస్తు లెక్కకు వెలుపల ఉండిపోయిన భూమి. ఆ భూమి మీద తప్ప చోటు దొరకని మనిషికి అది తిట్టుగా అంటుకుంది.

దొంగతనం అన్న ఆరోపణలో మరో పెద్ద లోపం ఉంది. దొంగిలించాలంటే అక్కడ విలువైన వస్తువు ముందే ఉండాలి. ఈనాడు వేల కోట్ల రూపాయల లెక్కల్లో మాట్లాడుకుంటున్న ముంబయి ధారావి ఒకప్పుడు కోలీ జాలరుల పల్లెను ఆనుకున్న చిత్తడినేల. సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మరులు, తమిళదేశం నుంచి వచ్చిన తోళ్ళ పనివారు అక్కడ స్థిరపడ్డారు. తట్టలతో మట్టీ, రాళ్ళూ, చెత్తా పోసి, అడుగు అడుగుగా ఆ బురదను నేలగా మార్చినవారు అక్కడి జనమే. మృతభూమిని, అంటే ఎవరూ సాగుచేయక పాడుపడి ఉన్న నేలను, బతికించినవాడిదే ఆ నేల అన్నది ఇస్లాం ధర్మశాస్త్రంలో ప్రసిద్ధ నియమం. పాలకుడి అనుమతి కూడా కావాలని ఇమాం అబూ హనీఫా అన్నాడు గాని, ఆయన ప్రధాన శిష్యులిద్దరూ అది అవసరం లేదన్నారు. శ్రమ కలిపినవాడికే సొత్తు అన్న ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ వాదం, ఆధునిక ఆస్తిహక్కుకు పునాది అని చెప్పుకునేదే, ఈ బురద పూడ్చినవారి పక్షాన కూడా అంతే బలంగా నిలుస్తుంది.

నగరానికీ కూలీకీ మధ్య ఉన్న ఈ రుణం కొత్తది కాదు. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్ళి అక్కడ ఇళ్ళ కట్టుబడి పనుల్లో కుదిరిన తెలుగు కూలీల వల్లనే వచ్చింది. ఈనాటి హైదరాబాదులో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం కట్టుబడి సాగినంత కాలం ఆ భవనం సెల్లారులోనే ఉంటుంది. ఇటుకలు పేర్చిన పొయ్యి, సిమెంటు సంచులు కుట్టిన తెర, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి మేకుకు తగిలించిన రేషన్ కార్డు, గోడలకు నీళ్ళు కొట్టే పైపు దగ్గరే స్నానం. గృహప్రవేశం నాడు ముందుగా ఆవు గడప దాటుతుంది, తరువాత పాలు పొంగుతాయి. ఆ గడప నిలబెట్టినవారు అప్పటికే మూట కట్టుకొని మరో పునాది గుంట వెదుక్కుంటూ వెళ్ళిపోయి ఉంటారు. వాస్తుపూజలో దిక్కులన్నిటికీ బలి అన్నం పెట్టే ధర్మం వీరికి ఏ దిక్కున చోటు చూపిస్తుందో పురోహితులూ, యజమానులూ కలిసి ఆలోచించవలసిన విషయం.

దీనిమీద ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. చెరువులూ నాలాలూ పూడుకుపోతే వరద ఎవరినీ విడిచిపెట్టదు. 1908 సెప్టెంబరులో మూసీ ఏమి చేసిందో, 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదు కాలనీలు ఎలా మునిగాయో తెలిసినవారు నదిగర్భంలో ఇళ్ళు ఉండనివ్వాలని అనలేరు. పైగా మొదట మునిగేది గట్టున ఉన్న గుడిసే. అవసరం ఇచ్చే హక్కు నేలమీద ఉండే హక్కే గాని, నీటి దారికి అడ్డంగా ఉండే హక్కు కాదు. వారిని అక్కడినుంచి తరలించడం న్యాయం కావచ్చు. కాని తరలించడం వేరు, దొంగను తరిమినట్టు తరమడం వేరు. నాలుగు గుడిసెలు వేసి మూడింటిని అద్దెకిచ్చే బస్తీ పెద్దను కూడా నారదుడి కొలతే పట్టిస్తుంది, ఎందుకంటే ఆ కొలత పేదరికానికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు, అధికానికి గీసిన గీత.

ఆపద్ధర్మంతో ఈ సమస్య పూర్తిగా తీరదన్నది కూడా ఒప్పుకోవలసిందే. ఆపద అంటే ముగిసేది. విశ్వామిత్రుడి కరువు పన్నెండేళ్ళకు వానతో తీరింది. బస్తీలో పుట్టి, అక్కడే పెళ్ళి చేసుకొని, అక్కడే మనవల్ని ఎత్తుకున్న మనిషి జీవితమంతా ఆపదే అనడం, అతనికి ఎల్లకాలం క్షమాభిక్షతోనే బతకమని చెప్పడం అవుతుంది. అతనికి కావలసింది మినహాయింపు కాదు, నారదుడు వాడిన మాటే, స్వత్వం. అక్కడ చెప్పింది కడుపు సంగతే కదా, ఇంటి సంగతి కాదు కదా అని శబ్దార్థం పట్టుకొని అడగవచ్చు. దానికి వ్యాఖ్యానం ఒక రకంగా 1985 నాటి తీర్పులోనే ఉంది: కాలిబాట నుంచి లేపేస్తే పని పోతుంది, పని పోతే ప్రాణం పోతుంది, కనుక నగరంలో పడుకునే చోటును కడుపు నుంచి వేరుచేసి చూడలేము. ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల పక్కా ఇల్లు ఇచ్చి తాళం చేతిలో పెట్టినా, తెల్లవారి ఏడింటికి అడ్డా మీద నిలబడలేని కూలీకి ఆ పూట పని లేదు. బస్సు దిగి వచ్చేసరికి మేస్త్రీ కావలసినవాళ్ళను ఏరుకొని ఆటో ఎక్కించుకొని వెళ్ళిపోయి ఉంటాడు.