వాడుకొనని వేళ ఎవరి సొత్తు?



మాట ఇచ్చి తప్పడం దోషమని ఒప్పుకొననివారు మనలో లేరు. అయితే వైద్యుని వద్ద ఒక వేళను కోరి పొంది, ఆ వేళకు వెళ్ళక, రాలేనన్న కబురైనా పంపక ఊరుకొనడం ఆ దోషంలో చేరుతుందా? ఇది అల్పవిషయమని చాలాకాలం నేనూ తలచినాను.

అనంతపురంలో ఒక దంతవైద్యుని వద్ద నా దవడపంటికి వేరుచికిత్స మొదలైనది. అది ఒక్క దినంలో ముగిసేది కాదు. పంటి లోపలి చెడిన భాగాన్ని తొలగించి, తాత్కాలికంగా పూడ్చి, మరల రమ్మంటారు. రెండవమారు ఉదయం 10 గంటలకు రమ్మన్నారు. ఆనాడు ఇంటికి బంధువులు వచ్చినారు. నొప్పి కూడా తగ్గినది. జేబులో ఫోను ఉండి కూడా కబురు చేయలేదు. వారం తరువాత వెళ్ళగా డాక్టరుగారు కోపగించలేదు.

“అయ్యవారూ, మీరు రావలసిన ముందురోజు కళ్యాణదుర్గం వైపునుంచి ఒక అవ్వ బుగ్గ వాచి వచ్చింది. మరునాడు 10 గంటలకు చూస్తారా అని అడిగింది. ఆ వేళ మీకిచ్చినానని చెప్పి, మాత్రలిచ్చి, రెండు దినాలాగి రమ్మన్నాను. తీరా చూస్తే ఆ వేళకు కుర్చీ ఖాళీగా ఉండిపోయింది” అన్నారు.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణంలో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యాన్ని ఏరితెచ్చే కాయకం చేసేవాడు. ఒకనాడు అవసరానికి మించి తెచ్చినాడు. భార్య లక్కమ్మ ఆ అధికాన్ని తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. ఆ బియ్యం దొంగసొత్తు కాదు. అయినా తమకు అక్కరలేనిది తమ చేతిలో ఉన్నంతసేపు మరొకరికి అందదని ఆ తల్లి ఎరుగును. నేను నా వేళను వాడుకొననూ లేదు, తిరిగి పోయనూ లేదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడడమే గొప్ప. ఎర్రనేలలో పదును ఎక్కువ దినాలు నిలవదు. వాన పడిన ఉదయాన రైతు వేరుశనగ విత్తుకొనవలెనా, పంటి డాక్టరు వద్దకు పోవలెనా? విత్తుకొనవలసినదే. కూలి పోగొట్టుకొనలేనివారు, బస్సు దొరకనివారు కూడా నిందార్హులు కారు. వెళ్ళలేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. మొదటిది విధి చేతిలోనిది, రెండవది మన చేతిలోనిది. చెరువు కింద తన వంతు నీరు అక్కరలేని రైతు దానిని వృథాగా పారనీయడు, పక్క మడివానికి చెబుతాడు. బోరునీటి ఫ్లోరైడుతో పళ్ళు గారపట్టి మచ్చలు పడినవారు ఎందరో ఉన్న ఈ సీమలో దంతవైద్యుని వేళ కూడా అటువంటి వంతే.

రానివారికి జరిమానా వేస్తే సరిపోదా అని కొందరంటారు. ఇజ్రాయెలు దేశపు హైఫా నగరంలోని శిశుసంరక్షణ కేంద్రాలలో, పిల్లలను తీసుకొనిపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా విధించి చూచినారు. 2000లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారం ఆలస్యాలు తగ్గకపోగా పెరిగినవి. జరిమానా ఎత్తివేసిన తరువాత కూడా అవి తగ్గలేదు. వెనుక మొగమాటం ఉన్నచోట వెల వచ్చి కూర్చున్నది. రుసుము చెల్లించినవాడు రుణం తీరిందనుకొంటాడు. కాని నా రుసుముతో ఆ అవ్వ బుగ్గ వాపు తీరదు గదా!

ఈ ధర్మం వైద్యునికీ వర్తిస్తుంది. 10 గంటలకు రమ్మని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవాడు కూడా ఇతరుల దినాన్ని హరించినవాడే. గంట కొట్టిన పిదప తరగతికి వెళ్ళే నావంటి ఉపాధ్యాయుడూ అంతే. ధాన్యం, ధనం మాత్రమే దాసోహానికి తగినవని తలచరాదు. మనకు అక్కరలేని వేళను సకాలంలో వదలిపెట్టడం కూడా దాసోహమే.

“ఆ అవ్వ మరల వచ్చినదా?” అని డాక్టరుగారిని అడిగినాను.

“రాలేదు” అన్నారు.

నా పన్ను బాగైనది. ఆ మాట మాత్రం నన్ను విడువలేదు.