పూజాపుష్పం, విషం, నెత్తుటి కణం

శివపూజకు గన్నేరు, ఉమ్మెత్త పూలు శ్రేష్ఠమంటారు. రెండూ విషపు మొక్కలే. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకు వచ్చి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళూ, వాళ్ళ ఇరుగుపొరుగు బెంగాలీలూ శివుడికి పెట్టే పువ్వుల్లో ఈ గన్నేరూ ఉంది. దేవుడి తలమీద పవిత్రంగా ఉన్నది మనిషి కడుపులోకి వెళ్తే ప్రాణం తీస్తుంది. అలాంటప్పుడు విషం మొక్క స్వభావమా, లేక మొక్కకూ దేహానికీ కుదిరే సంబంధమా? స్వభావమే అయితే ఆ పువ్వు పూజకు తగదు. సంబంధమైతే బాధ్యత మనిషి మీద పడుతుంది.

సంప్రదాయం రెండో వైపే మొగ్గింది. క్షీరసాగర మథనంలో పుట్టిన హాలాహలాన్ని శివుడు నాశనం చేయలేదు, కంఠంలో నిలిపాడు. దాని చోట అది ఉన్నంతకాలం లోకానికి కీడు లేదు. ఆయుర్వేదం గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, అగ్నిశిఖలను ఉపవిషాలుగా లెక్కించి, శోధన చేశాక మందుల్లో వాడింది. సరిగా వాడిన విషం ఔషధమవుతుందనీ, తప్పుగా వాడిన ఔషధం విషమవుతుందనీ చరకసంహిత సిద్ధాంతం.

ఇదే ప్రశ్నను ప్రయోగశాల నెత్తుటి కణాన్ని అడుగుతుంది. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదపు గింజల నుంచి రిసిన్‌ను వేరుచేసి, అది ఎర్రకణాలను ముద్దకట్టిస్తుందని చూపాడు. ఇప్పుడు ఎక్కువగా జరిగే పరీక్ష కణాలు పగలడాన్ని కొలుస్తుంది. దాత ఇచ్చిన కొద్దిపాటి నెత్తురు నుంచి ఎర్రకణాలను వేరుచేసి, 0.9 శాతం ఉప్పునీటితో కడుగుతారు. ఆకు లేదా పువ్వు సారాన్ని వేర్వేరు మోతాదుల్లో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కణాలు చెక్కుచెదరకపోతే గొట్టం అడుగున ఎర్రటి ముద్ద, పైన తేట నీరు మిగులుతాయి. పగిలితే హిమోగ్లోబిన్ బయటపడి నీరంతా ఎర్రబడుతుంది. ఆ ఎరుపును కాంతితో కొలిచి, పూర్తిగా పగలగొట్టిన కణాల గొట్టంతో పోల్చి శాతం కడతారు. తెల్లకణాల్లోనైతే ఎన్ని బతికాయో, జన్యుపదార్థం ఎంత దెబ్బతిన్నదో చూస్తారు.

అసలు తత్త్వం ఈ ఫలితాల్లోనే ఉంది. తలంటుకు వాడే కుంకుడుకాయలోని సాపోనిన్లు గొట్టంలో ఎర్రకణాల పొరను చీల్చేస్తాయి. గన్నేరులోని ఒలియాండ్రిన్ దారి వేరు. కణం లోపలి సోడియాన్ని బయటకు తోడి, పొటాషియాన్ని లోపలికి తెచ్చే పంపును అది ఆపుతుంది. ఎర్రకణం వెంటనే పగలకపోవచ్చు, గుండె లయ మాత్రం తప్పుతుంది. ఒక పరీక్షలో దోషిగా తేలింది నిత్యం తలకు రుద్దుకునే కాయ. అదే పరీక్షలో తప్పించుకోగలది ప్రాణాంతకమైన పువ్వు. విషం ఫలానా కణానికి, ఫలానా దారిలో, ఫలానా మోతాదులో మాత్రమే విషం. అందుకే ఈ పరీక్ష అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. గొట్టంలో గుండె లేదు, కాలేయం లేదు, జీర్ణాశయం లేదు. కణం నిలిచిందని చూసి ఆ మొక్క సురక్షితమని చెప్పడం అసత్యమే.

మరి మనిషి నెత్తురే ఎందుకు? మొదటి కారణం జ్ఞానానికి సంబంధించింది. గన్నేరు జాతి విషాలను ఎలుకలు మనిషికన్నా ఎంతో ఎక్కువగా తట్టుకుంటాయి. వాటి కణాల్లోని పంపు నిర్మాణంలో తేడా ఉంది. ఎలుక సాక్ష్యం ఇక్కడ మనిషిని మోసం చేస్తుంది. రెండోది ధర్మానికి సంబంధించింది. జంతుప్రయోగాలకు వీలైనచోట ప్రత్యామ్నాయం వెతకాలని శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ 1959లోనే వాదించారు. పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన మాంసాన్నే తూచి ఇచ్చాడు. మనిషికి కావలసిన జ్ఞానానికి మనిషే తన నెత్తురు ఇవ్వడం ఆ న్యాయానికి దగ్గరగా ఉంది.

అయితే శిబి ఇచ్చింది ఇష్టపూర్వకంగా. దానానికి ఇచ్చేవాడి సంకల్పమే ప్రాణం. డబ్బుకు నెత్తురు అమ్ముకునే పద్ధతి సుప్రీంకోర్టు ఆదేశంతో 1998 జనవరి 1 నుంచి దేశంలో రద్దయింది. పరిశోధనకు నెత్తురు తీసేముందు, అది ఎందుకో దాతకు అర్థమయ్యే భాషలో చెప్పి అంగీకారం పొందాలని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్ళో ఆ భాష బెంగాలీ కావచ్చు, తెలుగు కావచ్చు, హిందీ కావచ్చు. దాతకు తెలియని భాషలో పెట్టించుకున్న సంతకం అంగీకారం అనిపించుకోదు. దేహం నుంచి విడిపోయిన చుక్క కేవలం వస్తువైపోదు. ఇచ్చిన మనిషి నమ్మకం దానితోపాటు ప్రయోగశాలలోకి వస్తుంది.

పాపానికి సంకల్పం కావాలి. మొక్కకు సంకల్పం లేదు కాబట్టి దోషమూ లేదు. మేసే జీవాల నుంచి తనను కాపాడుకోవడానికే గన్నేరు విషాన్ని దాచుకుంది. దాన్ని పెరట్లోకి, పూజగదిలోకి తెచ్చుకున్నది మనిషి. విషమని తెలిశాక ఆకులు పశువుల మేతలో కలవకుండా, గన్నేరుపప్పు పిల్లల చేతికి అందకుండా చూడటం అతని ధర్మం. పువ్వును పూజించడానికీ, దాని సారాన్ని పరీక్షించడానికీ వైరుధ్యం లేదు. రెండూ దానికి తగిన చోటు ఏదో తేల్చే పనులే.