ఫోటో ముఖ్యమా, మనిషి ముఖ్యమా?

బాక్సింగ్ హాలులో మన కంటికి చాలిన వెలుగు కెమెరాకు చాలదు. గుద్దును కదలకుండా పట్టాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు మాత్రమే తెరవాలి. అంతలో లోపలికి వచ్చే వెలుగు కొంచెమే. ఐఎస్‌ఓ పెంచితే ఫోటో నిండా చుక్కలు వస్తాయి. ఫ్లాష్ వేస్తే శుభ్రంగా వస్తుంది. మరి వేస్తే తప్పేంటి?

రింగ్ పక్కనుంచి వేసిన ఫ్లాష్ బాక్సర్ కళ్ళలో పడుతుంది. ఆ ఒక్క క్షణం చూపు చెదిరితే ఎదురొచ్చే గుద్దు కనబడదు. 2022లో ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయింది. ఆమె ఫోటోలు చూసి మనం సంతోషిస్తాం. కానీ బాక్సర్ గెలిచేది చూపుతో, చేతులతో, కాళ్ళతో. మన ఫోటోతో కాదు.

"ఫోటో లేకపోతే ఎవరికి గుర్తుంటుంది?" అని కొందరంటారు. నిజమే. 1965లో పడిపోయిన లిస్టన్ మీద నిలబడి అరుస్తున్న మహమ్మద్ అలీని నీల్ లీఫర్ తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ అందరికీ గుర్తుంది. అయితే అతను వాడిన ఫ్లాష్ దీపాలు రింగ్ పైన కట్టినవి, కళ్ళకెదురుగా పెట్టినవి కావు. అంటే వెతికితే దారి ఉంటుంది. దారి దొరక్కపోతే చుక్కల ఫోటోతోనే సరిపెట్టుకోవాలి. ఫోటో మసకగా ఉంటే ఎవరికీ దెబ్బ తగలదు. అందుకే మనిషే ముఖ్యమని నా అభిప్రాయం.