మొక్కల లెక్కలో మోదుగ ఎక్కడ?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత శ్రోతలకు మోదుగ కొత్త కాదు. ఎండాకాలం ముంగిట ఆకు రాల్చి కొమ్మ నిండా ఎర్రగా పూస్తుంది. ఆ ఆకులనే పుల్లలతో గుచ్చి విస్తళ్లు కుడతారు. ఇలాంటి చెట్టుకు మన పంచాయతీ లెక్కల్లో చోటెంత? 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ పెట్టమంది, నాటినవాటిలో 85 శాతం మొక్కలు బతకాలంది. మంచి నియమమే. కానీ ఆ శాతానికి ఏ జాతైనా ఒకటే. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే మొక్కను విరివిగా నాటారు; తర్వాత దాన్ని ప్రభుత్వమే వద్దనాల్సి వచ్చింది.

నాటడం సరే, ఉన్న చెట్ల సంగతేంటి? పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతేనా అని రైతు విసుక్కోవడంలో న్యాయముంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) అనుమతి అడుగుతుంది. దానికోసం ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తే, వేపను మొలకప్పుడే పీకేయడం మేలనిపిస్తుంది. అందుకే పొలంలోని చెట్టుకు అనుమతి సులువు చేయాలి. చెరువుకట్ట, బాట, బడి దగ్గరి పాత వేప, చింత, ఇప్ప, మర్రిలను మాత్రం గ్రామసభ పట్టిక రాసి కాపాడాలి. రోడ్డు వెడల్పు చేయాలంటే? పట్టిక చూసి, సభలో చెప్పి, తప్పనిసరైతేనే కొట్టాలి. ఒక మర్రికి బదులు పది మొక్కలు చాలవా అంటారు. అవి అంత నీడనిచ్చేసరికి ఒక తరం గడుస్తుంది. మర్రిపండ్లు తినే పిట్టలు అంతదాకా ఆగలేవు. ఈసారి గ్రామసభలో నర్సరీ పద్దు చదివినప్పుడు, మోదుగలెన్ని, ఇప్పలెన్ని అని అడగండి.